నాన్నగారి ఎకో రిపోర్టులు రెండూ రెండు రకాలుగా ఉన్నాయి: వాల్వు సన్నబడటం మోడరేటా, సివియరా?

రాజోలు అమ్మాయి

అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారికి 71 ఏళ్ళు, రాజోలు దగ్గర పల్లెటూరు, కొబ్బరి తోట, కాస్త వరి. మొన్న వేసవిలో జ్వరం వస్తే ఊళ్ళో డాక్టరు గారికి చూపించాం. ఆయన స్టెత్ పెట్టి, గుండెలో శబ్దం వస్తోంది, ఒకసారి ఎకో తీయించండి అన్నారు. చించినాడ వంతెన దాటి భీమవరం తీసుకెళ్ళి తీయిస్తే రిపోర్టు చివర "సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్" అని ఉంది, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం పోయే వాల్వు బాగా సన్నబడిందట. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అన్నయ్య ఇంకోచోట కూడా చూపిద్దామని అమలాపురంలో తీయిస్తే అక్కడ "మోడరేట్" అని ఇచ్చారు. రెండింటికీ మధ్య నెల కూడా లేదు.

నాకు అర్థమైనంతవరకు అంకెలు రాస్తున్నాను. భీమవరంలో వేగం సెకనుకి 3.2 మీటర్లు, పీక్ గ్రేడియంట్ 41, మీన్ గ్రేడియంట్ 24, వాల్వు వైశాల్యం 0.8 చదరపు సెం.మీ. అమలాపురంలో వేగం 3.3, పీక్ 44, మీన్ 25, వైశాల్యం 1.1. రెండిట్లోనూ ఈఎఫ్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి పోయే భాగం) 60 శాతం. ఎల్‌వీఓటీ అని ఒకటి ఉంది, మొదటి దాంట్లో 1.8, రెండో దాంట్లో 2.1. నాన్నగారి ఎత్తు 160, బరువు 54 కిలోలు.

వేగం, గ్రేడియంట్ దాదాపు ఒకటే ఉంటే వైశాల్యం ఎందుకు మారింది? ఏది నమ్మాలి? నాన్నగారేమో "నాకేం లేదమ్మా, శుభ్రంగా తిరుగుతున్నాను, డబ్బులు తగలెయ్యకండి" అంటున్నారు. అన్నయ్య మోడరేట్ రిపోర్టు పట్టుకుని ఇంకో ఏడాది ఆగుదామంటున్నాడు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎకో గది, కాకినాడ

అమ్మా, నేను ఎకోలు తీసే పనిలోనే ఉన్నాను. మీరు అంకెలన్నీ రాయడం మంచిదైంది. చాలామంది చివరి లైను ఒక్కటే ఫోటో తీసి పెడతారు, దాంతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

మీ ప్రశ్నకు జవాబు ఆ 1.8, 2.1 లోనే ఉంది. ఎలాగో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఎకోలో వాల్వు రంధ్రాన్ని నేరుగా కొలిచి వైశాల్యం రాయరు, లెక్క కట్టి రాస్తారు. మన పొలం తూము దగ్గర చూసే ఉంటారు, షట్టరు కొంచెమే ఎత్తితే అదే నీరు ఎంత దూకుడుగా వస్తుందో. గుండెలోనూ అంతే: వాల్వు ఎంత ఇరుకైతే దాన్ని దాటే రక్తం అంత వేగంగా పోతుంది. డాప్లర్‌తో, అంటే ధ్వని తరంగాలతో, ఆ వేగం పట్టుకుంటాం. వేగాన్ని వేగంతో హెచ్చించి 4తో గుణిస్తే వాల్వుకి అటూ ఇటూ ఒత్తిడి తేడా వస్తుంది, అదే పీక్ గ్రేడియంట్; మీన్ అంటే దాని సగటు. 3.2 ని 3.2 తో హెచ్చించి 4తో గుణించి చూడండి, మీ రిపోర్టులో ఉన్న 41 వస్తుంది. ఇది రాకముందు ఈ సంఖ్య కోసం గుండెలోకి గొట్టం పంపాల్సి వచ్చేది. 1970ల చివర్లో, 1980లో నార్వేలో లివ్ హాట్లే అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్ళు పైనుంచి డాప్లర్‌తోనే ఇది చెయ్యొచ్చని చూపించారు. ఇవాళ రాజోలు నుంచి వచ్చినాయన చొక్కా విప్పి పడుకుంటే అరగంటలో తేలిపోతోందంటే అది ఆ పని పుణ్యమే.

వైశాల్యం సంగతికి వస్తే, వాల్వుకి కిందుగా ఎడమ గది నుంచి రక్తం బయటికి పోయే దారిని ఎల్‌వీఓటీ అంటాం. ఆ దారి వైశాల్యం, అక్కడి రక్తం వేగం, వాల్వు దగ్గరి వేగం, ఈ మూడూ కలిపితే వాల్వు వైశాల్యం వస్తుంది. దారిని గుండ్రం అనుకుని అడ్డుకొలత తీసి, దాన్ని దానితోనే హెచ్చించి లెక్క వేస్తాం. అంటే కొలతలో చిన్న తేడా వస్తే అది రెట్టింపవుతుంది. 1.8 సెం.మీ. అంటే దారి 2.54 చదరపు సెం.మీ., 2.1 అంటే 3.46. మీ నాన్నగారి వేగాల నిష్పత్తి (ఆ దారిలోని వేగాన్ని వాల్వు దగ్గరి వేగంతో భాగిస్తే వచ్చేది) సుమారు 0.31 అనుకుంటే మొదటి దాంతో 0.79, రెండో దాంతో 1.07. అదీ సంగతి. 3 మిల్లీమీటర్ల తేడాకి సివియర్ కాస్తా మోడరేట్ అయింది! గుండె మారలేదు, స్క్రీన్ మీద గీత పెట్టిన చోటు మారింది.

ఎవరిది సరైందో ఇక్కడినుంచి చెప్పలేను. ఆ వయసులో వాల్వు మొదట్లో సున్నం పేరుకుని తెల్లగా మెరుస్తుంటుంది, గీత ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. బొమ్మని జూమ్ చేసి, గుండె ముడుచుకున్న సమయంలో, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి, ఒకటికి మూడుసార్లు తీసి చూసుకోవాలి. ఓపీ రోజున బయట బెంచీల మీద నలభైమంది కూర్చుని ఉంటే ఆ ఓపిక ఉండదు, నిజం చెప్తున్నాను.

అందుకే ఆ నిష్పత్తిని విడిగా చూడమంటాను. దాంట్లో ఈ అడ్డుకొలత గొడవ లేదు. 0.25 కంటే తక్కువైతే సివియర్ వైపు. మీది 0.31. అంటే మోడరేట్ వైపు మొగ్గుతోంది, కానీ ఇక్కడే నాకు ఒక అనుమానం. వేగం అసలు పూర్తిగా పట్టుకున్నారా? డాప్లర్ కిరణం రక్తం పోయే దిక్కుతో సమానంగా ఉంటేనే నిజమైన వేగం వస్తుంది, పక్కకి వాలితే తక్కువ చూపిస్తుందే గానీ ఎక్కువ చూపించదు. చాలాచోట్ల ఎడమ రొమ్ము కింద ఒక్కచోట ప్రోబ్ పెట్టి వచ్చింది రాసేస్తారు. పెద్దవాళ్ళలో చాలామందికి అసలు వేగం రొమ్ము ఎముకకి కుడివైపున దొరుకుతుంది. మనిషిని కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టి, పెన్సిల్‌లా సన్నగా ఉండే ప్రోబ్ పెడితే బొమ్మ రాదు, శబ్దం, గ్రాఫ్ మాత్రమే వస్తాయి. చెవితో వింటూ, కీచుమని పైస్థాయికి పోయే చోటు వెతుక్కోవాలి. మెడ కింద గుంటలో కూడా పెట్టి చూడాలి. మీ రిపోర్టులో "కుడి పారాస్టెర్నల్" అనే మాట ఎక్కడైనా ఉందా?

రాజోలు అమ్మాయి

ఎంత వివరంగా చెప్పారండి, చాలా చాలా థ్యాంక్స్. రెండు రిపోర్టులూ చూశాను, ఆ మాట ఎక్కడా లేదు. నాన్నగారిని అడిగితే రెండుచోట్లా ఎడమపక్కకే తిప్పి పడుకోబెట్టారన్నారు.

ముమ్మిడివరం

మా పెదనాన్నకి ఇదే ఉంటే కొలెస్ట్రాల్ మాత్రలు రాశారు, వాడుతున్నారు, బాగానే ఉన్నారు. ముందు మందులతో చూడండి, సున్నం కరిగే అవకాశం ఉంటుందేమో. కోత అంటే ఆ వయసులో రిస్కే కదా.

తణుకు ఫిజీషియన్

పైన ముమ్మిడివరం వారు మంచి మనసుతోనే రాశారు గానీ దీన్ని ఇలాగే వదిలేస్తే ప్రమాదం, అందుకని గట్టిగానే చెప్తున్నాను. వాల్వు మీద పేరుకున్న సున్నాన్ని కరిగించే మందు ఇంతవరకూ లేదు. కొలెస్ట్రాల్ మందులతో వాల్వు బిగుసుకోవడం తగ్గుతుందేమోనని పెద్ద అధ్యయనాలే చేశారు, 2008లో వచ్చిన సీస్ అధ్యయనంలో ఆ మందులు ఇచ్చినా వాల్వు జబ్బు ముదరడం ఆగలేదు. మీ పెదనాన్నగారు ఆ మాత్రలు మానక్కర్లేదు, అవి రక్తనాళాలకి పనికొస్తాయి. వాల్వుకి మాత్రం కాదు.

ఇక అసలు విషయం. సివియర్ అనడానికి మేము చూసేవి మూడు: వేగం 4 మీటర్లు లేదా ఎక్కువ, మీన్ గ్రేడియంట్ 40 లేదా ఎక్కువ, వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు లేదా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న వాల్వు 3 నుంచి 4 దాకా తెరుచుకుంటుంది. మూడూ ఒకే మాట చెప్తే గొడవే లేదు. మీ భీమవరం రిపోర్టులో వైశాల్యం సివియర్ అంటోంది, వేగం, గ్రేడియంట్ మోడరేట్ అంటున్నాయి. అలా పొసగనప్పుడు రిపోర్టు పక్కన పెట్టి ఎందుకు పొసగడం లేదని అడగాలి. నాకు తోచే కారణాలు చెప్తాను.

ఒకటి కాకినాడ వారు చెప్పినట్టు కొలత తేడా, లేదా వేగం పూర్తిగా దొరక్కపోవడం. ఇంకోటి, మనిషి చిన్న శరీరం. 160 సెం.మీ., 54 కిలోలంటే శరీర వైశాల్యం 1.55 చదరపు మీటర్లు. అలాంటివారికి 0.95 ఉన్నా ఒక్కోసారి మోడరేటే అవ్వొచ్చు, అందుకే శరీర వైశాల్యంతో భాగించి చూస్తాం, 0.6 లేదా అంతకన్నా తక్కువైతే సివియర్. మూడోది అందరూ మర్చిపోయేది: గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తమే తక్కువైతే, వాల్వు ఎంత ఇరుకైనా వేగం పెరగదు. ఈఎఫ్ 60 ఉందని నిశ్చింతగా ఉండకూడదు. గోడలు దళసరెక్కి లోపల గది చిన్నదైపోయినవాళ్ళలో ఈఎఫ్ బాగానే ఉంటుంది, పంపేది మాత్రం తక్కువ. ఒక్కో దెబ్బకి శరీర వైశాల్యంలో చదరపు మీటరుకి 35 మి.లీ. కంటే తక్కువైతే ప్రవాహం తక్కువ అంటాం. అదీ మళ్ళీ ఆ ఎల్‌వీఓటీ మీదే ఆధారపడుతుంది చూశారా, 1.8 పెడితే మీ నాన్నగారిది తక్కువ ప్రవాహం అనిపించొచ్చు, 2.1 పెడితే మామూలు ప్రవాహం అనిపించొచ్చు.

ఎకోతో తేలకపోతే సీటీలో వాల్వు కాల్షియం స్కోరు చూస్తారు. ఇంజెక్షన్ అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. మగవారిలో 2000, ఆడవారిలో 1200 దాటితే సివియర్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఈఎఫ్ తగ్గినవాళ్ళయితే గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ మందు ఎక్కిస్తూ ఎకో తీస్తారు, మీకు ఆ అవసరం రాకపోవచ్చు. ఎకో తీసేటప్పుడు బీపీ కూడా రాయించండి. బీపీ బాగా ఎక్కువున్నప్పుడు తీసిన గ్రేడియంట్ తక్కువ చూపించి మభ్యపెట్టొచ్చు.

చివరిగా, "ఆయాసం ఉందా" అని నాన్నగారిని అడగొద్దు, ఏ రైతూ ఉందని చెప్పడు. పోయిన సంక్రాంతికి చేసిన పనులు ఇప్పుడు చేస్తున్నారా అని అమ్మగారిని అడగండి. సైకిలు తొక్కడం మానేశారా, గట్టు మీద మధ్యలో నిలబడుతున్నారా, ఎండలో పని చేస్తుంటే కళ్ళు తిరిగాయా, గుండెల్లో పట్టేసినట్టు ఉందా. లక్షణాలు మొదలైన సివియర్ స్టెనోసిస్‌ని వాల్వు మార్చకుండా వదిలేస్తే ఎక్కువమందికి మిగిలేది 2 నుంచి 5 ఏళ్ళు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

పాలకొల్లు కోడలు

అక్కా, మా అత్తగారికి రెండేళ్ళ కింద ఇదే జరిగింది. ఆవిడకి గుండె కొట్టుకోవడం కూడా గతి తప్పి ఉంటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఒకచోట ఒక్క బీట్ కొలిచి రాసేశారు, ఇంకోచోట ఐదారు బీట్లు కొలిచి సగటు తీశారు, అంకెలు చాలా మారాయి. మీ నాన్నగారికి అలాంటిది ఉంటే ముందే చెప్పండి.

ఇంకో మాట. మా వీధిలో ఎవరో "గుండెకి టీఎంటీ చేయించండి" అన్నారని అత్తగారిని ప్యాకేజీలో ట్రెడ్‌మిల్ ఎక్కించబోయారు, ఎకో రిపోర్టు చూపించాక ఆపారు. తణుకు డాక్టరు గారూ, అది చేయకూడదు కదా?

తణుకు ఫిజీషియన్

అవునమ్మా, సివియర్ ఉండి లక్షణాలున్నవాళ్ళని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. లక్షణాలు లేవంటున్నవాళ్ళకి మాత్రం కార్డియాలజిస్టు పక్కన ఉండి, బీపీ చూస్తూ చేయించొచ్చు, అది వేరు. అలాగే గుండెల్లో నొప్పనగానే నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టేసే అలవాటు మనవైపు ఉంది. ఈ జబ్బున్నవాళ్ళకి దాంతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టరు చెప్పకుండా పెట్టొద్దు.

రాజోలు అమ్మాయి

అప్‌డేట్ రాస్తున్నాను. మీరు చెప్పినట్టు అమ్మని పక్కకి పిలిచి అడిగాను. నాకు ఏడుపొచ్చింది అండి. దసరా తర్వాత నాన్నగారు సైకిలు ముట్టుకోలేదట, తోటకి వెళ్ళడానికి మా తమ్ముడి బండి ఎక్కుతున్నారట, దింపు రోజున కాయలు లెక్కపెట్టడానికి కుర్చీ వేయించుకున్నారట. అమ్మ అది వయసు వల్ల అనుకుంది. ఒకసారి కాలవ మెట్లు ఎక్కుతూ తూలారు, బీపీ అనుకున్నారు.

కాకినాడలో మళ్ళీ ఎకో తీయించాం. ఈసారి ముందు రిపోర్టులు రెండూ ఇచ్చి, కుడివైపు నుంచి కూడా చూడండని అడిగాం. అక్కడి డాక్టరు గారు ఏమీ అనుకోలేదు, మంచిపని చేశారన్నారు. చాలాసేపు తీశారు. ఎడమవైపు నుంచి 3.3 వచ్చింది, కుడివైపు నుంచి 4.1! మీన్ గ్రేడియంట్ 41. ఎల్‌వీఓటీ 2.0, నిష్పత్తి 0.24, వైశాల్యం 0.75. సివియర్ అని రాశారు. లక్షణాలున్నాయి కాబట్టి వాల్వు మార్చాలి అన్నారు. కోత ఆపరేషనా, తొడ నుంచి గొట్టం ద్వారా పెట్టేదా అనేది సీటీ తీశాక, ఆంజియోగ్రామ్ అయ్యాక సర్జను, కార్డియాలజిస్టు కలిసి చెప్తారట. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. నాన్నగారు ఇంకా గొణుగుతున్నారు గానీ అమ్మ గట్టిగా నిలబడింది.

కాల్షియం స్కోరు కూడా కావాలా?

ఎకో గది, కాకినాడ

ఇప్పుడు అంకెలన్నీ ఒకే మాట చెప్తున్నాయి కదమ్మా, సివియరా కాదా తేల్చడానికి స్కోరు అక్కర్లేదు. సీటీ ఎలాగూ తీస్తారు, అది వాల్వు సైజుకి, తొడ నాళం దారికి.

3.3 నుంచి 4.1కి పోవడం చూసి ఆశ్చర్యపోకండి, కిరణం దిక్కు కుదరకపోతే అంత తేడా రావడం నేను చూస్తూనే ఉంటాను. చదివేవాళ్ళందరికీ ఒకటే విన్నపం, రిపోర్టులో ఏ వైపు నుంచి ఎక్కువ వేగం వచ్చిందో రాయమని అడగండి. వచ్చేసారి తీసేవాళ్ళు అక్కడే వెతుకుతారు. మైల్డ్ ఉన్నవాళ్ళకి 3 నుంచి 5 ఏళ్ళకోసారి, మోడరేట్‌కి ఏడాది, రెండేళ్ళకోసారి, లక్షణాలు లేని సివియర్‌కి 6 నెలల నుంచి ఏడాదిలోపు ఎకో తీస్తారు. ఏడాదిలో వేగం 0.3 మీటర్లు పెరిగితే వేగంగా ముదురుతోందని అర్థం. పాత రిపోర్టులో వేగం తప్పైతే ఆ లెక్కకి విలువే లేదు.

పాలకొల్లు కోడలు

అక్కా, ఆపరేషన్‌కి ముందు పళ్ళ డాక్టరుకి చూపించండి, పుచ్చు పళ్ళుంటే ముందే తీసేస్తారు, మా అత్తగారికి అలాగే చేశారు. కొత్త వాల్వుకి పళ్ళ నుంచి ఇన్ఫెక్షన్ పాకే ప్రమాదం ఉందట. వాల్వు మార్పిడి ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది, కార్డు, ఆధార్, రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళని కలవండి, ఆ ఆసుపత్రికి దీనికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. మెటల్ వాల్వైతే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ. అత్తగారికి వయసు చూసి టిష్యూ వాల్వు (జంతు కణజాలంతో చేసింది) పెట్టారు. ఇప్పుడు రోజూ గుడికి నడిచే వెళ్తున్నారు.

రాజోలు అమ్మాయి

థ్యాంక్స్ చెల్లీ, ఇది నాన్నగారికి చదివి వినిపించాను. "ఆవిడ ఎంత దూరం నడుస్తుందో కనుక్కో" అన్నారు.

పాలకొల్లు కోడలు

మా ఇంటినుంచి క్షీరారామం గుడికి, ఆగకుండా, చెప్పండి మావయ్యగారికి.

ఎకో గది, కాకినాడ

ఆపరేషన్ అయ్యాక నెల నుంచి మూడు నెలల మధ్య ఒక ఎకో తీస్తారు. కొత్త వాల్వుకి కూడా కొంత గ్రేడియంట్ ఉంటుంది, అది చూసి భయపడొద్దు. ఆ మొదటి రిపోర్టుతోనే తర్వాతవన్నీ పోల్చుతాం కాబట్టి దాన్ని పోగొట్టుకోవద్దు. వాల్వు కంపెనీ, సైజు రాసి ఉన్న కార్డు ఒకటి ఇస్తారు, దాన్ని ఫోన్లో ఫోటో తీసి మీరూ, అన్నయ్యా, తమ్ముడూ ముగ్గురూ ఉంచుకోండి. సైజు తెలియకుండా ఎకో తీస్తే వచ్చిన గ్రేడియంట్ ఆ వాల్వుకి మామూలో కాదో మేము చెప్పలేం.